నా బెంచీకి వచ్చిన చీటీ

నన్ను ఎవరైనా మంచి లెక్కల టీచరమ్మ అంటే ఒళ్ళు మండుతుంది. వాళ్ళ తప్పేం లేదు పాపం. నేను రిటైరైన రోజు దండ వేసి మైకులో అదే మాట అన్నారు. "మేడమ్ గారు బోర్డు మీద తప్పు రాయగా మేము చూడలేదు" అని ఒక శిష్యుడు చెబితే హాలంతా చప్పట్లు కొట్టింది. అవును నాయనా, బోర్డు మీద రాయలేదు. నేను రాసిన తప్పు అరచెయ్యంత చీటీ మీద ఉండింది. దాని సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

అరవైల మొదట్లో నెల్లూరులో ఒక కాలేజీలో లెక్కల ట్యూటరుగా చేరాను. ఆ డిపార్టుమెంటులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. నాకు ఎమ్మేలో ఫస్ట్ క్లాసు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, కథంతా చెడింది దానివల్లే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఆ రోజుల్లో మా జిల్లాలో ఫస్ట్ క్లాసు ఎమ్మే అంటే జనం లేచి కుర్చీ ఇచ్చేవాళ్ళు. స్టాఫ్ రూములో అటెండరు టీ గ్లాసు ముందు నా బల్ల మీద పెట్టి, తర్వాత మా సీనియర్ సారుకు ఇచ్చేవాడు. వయసూ ఆయనదే ఎక్కువ, అనుభవమూ ఆయనదే ఎక్కువ. నేను మాత్రం ఒక్కరోజు కూడా "ముందు సారుకు ఇవ్వు" అనలేదు.

సారుది చిల్లకూరు దగ్గర ఒక పల్లె. వాళ్ళది వరి పండించే ఇల్లు. హైస్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ ప్రైవేటుగా ఎమ్మే కట్టాడు. ఒకసారి తప్పి, రెండోసారి సెకండ్ క్లాసు తెచ్చుకున్నాడు. నేను చేరేనాటికి నలభై ఎనిమిదేళ్ళు. సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ, పంచె మీద కోటు వేసుకుని వచ్చేవాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పీయూసీ పిల్లలకు త్రికోణమితి చెప్పడమే ఆయన ఉద్యోగం. మిగతా లెక్చరర్లు ఆయన్ని పెద్దగా లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదు. నిజం చెప్పాలంటే, మొదట్లో నేనూ అంతే.

ఒకరోజు ఆయన లైబ్రరీ నుంచి ఏదో విదేశీ పత్రిక పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు.

"అమ్మాయ్, చూసినావా? అమెరికాలో యంత్రానికి డెరివేటివ్ కట్టడం నేర్పతా ఉండారంట. అంకెలు కాదు, అక్షరాలతో. ఎక్స్, వై ఇస్తే, ఎక్స్, వైతోనే జవాబు ఇస్తాదంట."

"మనకెందుకు సార్ అది? మన కాలేజీలో కాలిక్యులేటింగ్ మెషీన్ కూడా లేదు."

"యంత్రం లేకపోతే ఏం? పిల్లకాయలు ఉండారు గదా!"

పిచ్చి పట్టిందేమో అనుకున్నాను. మరుసటి సోమవారమే మొదలుపెట్టేశాడు. సాయంత్రం క్లాసులయ్యాక బీయస్సీ పిల్లలు పన్నెండు మందిని ఒకే వరసలో కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరికి ఒక్కటే సూత్రం. కూడిక ఒకడికి, గుణకారం ఒకడికి, భాగహారం ఒకడికి, ఘాతం ఒకడికి. పాత పరీక్ష పేపర్ల వెనక వైపు కత్తిరించి చీటీలు చేశాం. లెక్క రాసిన చీటీ మొదటి బెంచీ నుంచి బయల్దేరుతుంది. తన సూత్రానికి తగ్గ చీటీ వస్తే ఆ పిల్లవాడు దాన్ని ముక్కలు చేసి ముందుకు పంపాలి, ముక్కల జవాబులు వెనక్కి వచ్చాక అతికించాలి. తగనిదైతే పక్కవాడికి ఇచ్చేయాలి. ఆలోచించకూడదు, మాట్లాడకూడదు, పక్కవాడికి సాయం చేయకూడదు. యంత్రం ఆలోచించదు కదా.

ఎంత నవ్వుకునేవాళ్ళమో! నెల పోయేసరికి పిల్లలు పేర్లు మరిచిపోయారు. క్యాంటీన్లో కూడా "ఒరే భాగహారం, నాకూ ఒక టీ చెప్పరా" అని పిలుచుకునేవాళ్ళు. గుణకారం అనే బక్క పిల్లవాడు చీటీ చింపడంలో ఎంత ఆరితేరాడంటే, ఇంట్లో వాళ్ళ నాయన రేషన్ కాగితం చేతికిస్తే దాన్నీ రెండు చేశాడట.

చివరి బెంచీ నాది. ఎవరి సూత్రానికీ తగని చీటీలు నాకు వస్తాయి. సారు నాకు ఒక అట్ట రాసి ఇచ్చాడు. ఏ రకం చీటీ వస్తే ఏం రాయాలో అందులో ఉంటుంది. నా అట్ట మీద లేనిది వస్తే "లేదు" అని రాయాలి. ఒక్క ముక్క మీద "లేదు" పడితే ఆ లెక్క మొత్తం "లేదు" అయిపోతుంది. మా యంత్రం కట్టుబాటు అది.

గొడవంతా ఆ అట్ట మీద ఒక్క వరుస దగ్గర వచ్చింది.

లెక్కలు పడనివాళ్ళు కూడా రెండు నిమిషాలు ఓపిక పట్టండి. కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, పైన ఒక చుక్క పెట్టండి. కాలవ గట్టున నిలబడిన మనిషి నీళ్ళలో తలకిందులుగా కనబడినట్టు, ఆ చుక్కకు గీత కింద ఒక నీడ ఉంటుంది. మా లెక్కల్లో దాన్ని కాంజుగేట్ అంటారు. డెరివేటివ్ అంటే, చుక్కను ఇంత జరిపితే జవాబు ఎంత జరుగుతుంది అన్న లెక్క. నీడ దగ్గర ఇది కుదరదు. చుక్కను పక్కకు జరిపితే నీడా అదే పక్కకు వస్తుంది, పైకి జరిపితే నీడ కిందికి పోతుంది. దిక్కుకో జవాబు వస్తుంది. అందుకని కాంజుగేట్‌కు ఎక్కడా డెరివేటివ్ లేదని పుస్తకంలో రాసి ఉంటుంది. నేనూ ప్రతి ఏడూ క్లాసులో అదే చెప్పేదాన్ని.

సారు నా అట్ట మీద ఏం రాశాడో తెలుసా? కాంజుగేట్ వస్తే, సున్నా, ఒకటి.

"ఇదేంది సార్? లేనిదానికి రెండు జవాబులా?" అన్నాను.

"కోప్పడబాకమ్మా, చెప్తా ఉండు. నీళ్ళు పారేదానికి రెండు మడవలుండే చేను అనుకో. ఒక మడవ కట్టేసి రెండోది తీసినావు. నీళ్ళు ఎంత దిగినాయో రాసుకున్నావు. తర్వాత ఇది కట్టేసి అది తీసినావు. మళ్ళీ రాసుకున్నావు. చుక్క ఒక మడవ, నీడ ఒక మడవ. చుక్కను కదిలించి నీడను కట్టేస్తే, నీడలో మార్పు సున్నా. నీడను కదిలించి చుక్కను కట్టేస్తే, మార్పు ఒకటి. అంతే."

"చుక్క కదిలితే నీడ కదలకుండా ఎట్లా ఉంటుంది సార్? అది దాని నీడే కదా!"

ఆయన నవ్వాడు. "కదులుతాది. కదలనట్టు రాసుకుంటాం. యంత్రానికి నీడ ఏందో తెలవదమ్మా, అక్షరం తెలుసు. రెండూ రెండు అక్షరాలు. ఇట్టా పెట్టుకుంటే మిగతా సూత్రాలన్నీ చక్కగా నడస్తా ఉండాయి. మూడు నోటుబుక్కులు నింపినా, ఎక్కడా తేడా రాలా."

"మనం పెట్టుకుంటే అయిపోతుందా సార్? పుస్తకంలో లేదు."

"పుస్తకంలో ఉండేది కూడా ఎవురో ఒకరు పెట్టుకున్నదే గదమ్మా."

ఆ మాట నిజమే. నిజమైతే ఒప్పుకోవాలి కదా? ఒప్పుకోలేదు. అప్పటికి నేనెంత మొండిదాన్నంటే, ఆ నోటుబుక్కులు ఇస్తానంటే కూడా "తీరిక లేదు సార్" అన్నాను. దీనికి నా పెంపకం కూడా కొంత కారణం. మాది సముద్రం ఒడ్డున సరుగుడు తోటల మధ్య ఒక చిన్న ఊరు. మా నాయన చర్చిలో పిల్లలకు ప్రశ్నోత్తరాలు నేర్పేవాడు. ప్రశ్న అడిగితే పుస్తకంలో ఉన్న జవాబు అక్షరం పొల్లుపోకుండా చెప్పాలి. సొంత మాట ఒక్కటి కలిపితే బెత్తం దెబ్బ పడేది. నేను ఒక్క దెబ్బ కూడా తినని పిల్లని. ఏటా బహుమతి నాదే. ఆ బహుమతుల పిల్లే పెద్దదై చివరి బెంచీలో కూర్చుంది.

ఈలోగా సారు మా చీటీల వరస గురించీ, నీడ లెక్క గురించీ మద్రాసులోని ఒక పరిశోధన సంస్థకు ఉత్తరం రాశాడు. ఆయన వయసుకు ఎక్కడా పరిశోధనకు తీసుకోరు. అయినా అక్కడి పెద్దాయన ఒకరు జవాబిచ్చారు. మీ వరస చూడటానికి స్వయంగా వస్తాను, మీరు రాసినట్టు పని చేస్తే రెండేళ్ళు మా దగ్గర ఉండి పని చేసుకునే ఏర్పాటు చేయిస్తాను అని. సారు ఆ ఉత్తరం తెచ్చి నాకు చూపించాడు.

"రెండేళ్ళమ్మాయ్! రెండేళ్ళు నేను ఎవురికీ త్రికోణమితి చెప్పే పన్లేదు. పొద్దన్నే లేస్తే నా లెక్క నాదే" అన్నాడు. "ఇది పోతే మళ్ళా ఇంకోటి రాదు. నాకు తెలుసు."

నాకూ తెలుసు. తెలిసీ చేసినదాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

మద్రాసు పెద్దాయన వచ్చిన రోజు ఎండ మాడ్చేస్తోంది. మద్రాసులో స్థిరపడిన తెలుగాయన, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. చాలా మర్యాదస్తుడు. సారు ఇంటి నుంచి వేరుశెనగ ఉండలు తెప్పించి పెడితే రెండు తిని, మూడోది అడిగి తీసుకున్నాడు. పిల్లలు ఉతికిన చొక్కాలు వేసుకుని వరసగా కూర్చున్నారు. సారు కిటికీ దగ్గర నిలబడ్డాడు. చీటీలు నడుస్తున్నప్పుడు ఎవరూ మాట్లాడకూడదన్న నియమం ఆయనకు కూడా వర్తిస్తుంది.

పెద్దాయన ఒక చీటీ రాసి మొదటి బెంచీకి ఇచ్చాడు. సైను, గుణకారం, ఘాతం అన్నీ కలిసిన లెక్క. చీటీలు చిరిగాయి, ముందుకు పోయాయి, వెనక్కి వచ్చాయి. జవాబు అచ్చంగా సరిపోయింది. ఆయన కుర్చీలోంచి లేచి మరీ చప్పట్లు కొట్టాడు. ఇంకోటి ఇచ్చాడు. అదీ సరిపోయింది. సారు ముఖం నేనెప్పుడూ అంత తేటగా చూడలేదు. దగ్గు కూడా రాలేదు ఆయనకు.

అప్పుడు మూడో చీటీ రాస్తూ, "ఇది మీరు ఉత్తరంలో చెప్పిన రకం. నేను వచ్చింది దీని కోసమే" అన్నాడు పెద్దాయన.

చుక్కను దాని నీడతో గుణించిన లెక్క అది. గుణకారం పిల్లవాడు చీటీని రెండుగా చించాడు. చుక్క ఉన్న ముక్క ఒక బెంచీ దగ్గర ఆగింది. నీడ ఉన్న ముక్క చేతులు మారుతూ మారుతూ నా దగ్గరికి వచ్చింది.

నా ముందు అట్ట ఉంది. సున్నా, ఒకటి. అంతే రాయాలి. రెండు గుర్తులు రాయడానికి ఎంతసేపు పడుతుంది?

పెద్దాయన నా వైపే చూస్తున్నాడు. ఆ చూపులో ఏమీ లేదు, చీటీ కోసం చూస్తున్నాడంతే. నాకు మాత్రం కలం ముందుకు సాగలేదు. ఇంత చదివిన మనిషి ముందు, పుస్తకంలో లేని జవాబు నా చేతిరాతతో పోతే? ఫస్ట్ క్లాసు ఎమ్మే, ఈపాటి తెలియదా అనుకుంటే? సారు సంగతి ఆ క్షణాన నాకు గుర్తుకు రాలేదు. రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఆయన్ని తప్పు నుంచి కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకుని, గుండ్రటి అక్షరాలతో "లేదు" అని రాశాను.

ఆ ముక్క వెనక్కి పోయింది. కట్టుబాటు ప్రకారం లెక్కంతా "లేదు" అయింది. పెద్దాయన చీటీ చదివి సారు వైపు తిరిగాడు.

"మామూలు పుస్తకం చెప్పేదీ ఇదే కదండీ. మీరు వేరే అర్థం ఏదో పెట్టుకున్నామని రాశారు. అదేమైంది?" అన్నాడు. మెత్తగానే అన్నాడు.

సారు చీటీ తీసుకుని చూశాడు. నా చేతిరాత ఆయనకు తెలుసు. తలెత్తి నన్ను చూశాడు. కోపంతో చూసి ఉంటే బాగుండేది. తప్పు చేసి పట్టుబడ్డ పిల్లవాడిలా చూశాడు. నేను ఫస్ట్ క్లాసు దాన్ని కదా. ఈవిడ ఇంతమంది ముందు కాదని రాసిందంటే నా లెక్కలోనే ఎక్కడో తప్పుంది అనుకున్నాడు. ఆ ఒక్క చూపులో మూడు నోటుబుక్కులూ వదిలేసుకున్నాడు.

"మా అమ్మాయి రాసిందే కరెక్టండీ. నేనే తొందరపడి ఏందో రాసినాను. మన్నించండి" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. పెద్దాయన టీ తాగి, పిల్లలందరినీ మెచ్చుకుని, సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. పదిహేను రోజులకు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. మీ ప్రయత్నం ప్రశంసనీయం, ప్రస్తుతం అవకాశం లేదు. సారు దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుని త్రికోణమితి క్లాసుకు వెళ్ళాడు. ఆ తర్వాత వరస మళ్ళీ కూర్చోలేదు. మిగిలిన చీటీలు అటెండరు పొయ్యి రాజేసుకోవడానికి తీసుకుపోయాడు. నోటుబుక్కులు ఏమయ్యాయని నేను అడగలేదు.

మూడేళ్ళు గడిచాయి. సారు దగ్గు ముదిరి, సెలవు పెట్టి ఊరికి వెళ్ళిపోయాడు. ఆ ఎండాకాలం కాలేజీ లెక్చరర్లకు మద్రాసులో తరగతులు పెడితే నన్ను పంపారు. రెండో వారం అనుకుంటాను, పాఠం చెప్పే ఆయన బోర్డు మీద చుక్కనూ నీడనూ పక్కపక్కనే రాసి, "ఈ రెండూ వేర్వేరు అని పెట్టుకుందాం. దీన్ని కదలకుండా ఉంచి దానితో డెరివేటివ్, దాన్ని కదలకుండా ఉంచి దీనితో డెరివేటివ్" అన్నాడు. కాంజుగేట్ కింద ఒక సున్నా, ఒక ఒకటి వేశాడు.

 లేచి నిలబడ్డాను. "ఇది... ఇట్లా పెట్టుకోవచ్చాండీ?" అని అడిగాను.

"ఎందుకు పెట్టుకోకూడదమ్మా? ఎప్పట్నుంచో వాడుతున్నదే. పాత సంగతే ఇది" అని ఆయన బోర్డు తుడిచి ముందుకు పోయాడు.

పాత సంగతట. మద్రాసులో పాతది, నూరు మైళ్ళ ఇవతల మా నెల్లూరులో ఎవరికీ తెలియనిది. మా సారు మడవలు చూసి తనంతట తాను కనిపెట్టుకున్నాడు. ఆ రోజు నేను ఆ రెండు గుర్తులు రాసి ఉంటే పెద్దాయన చూడగానే పోల్చుకుని ఉండేవాడు. ఎవరూ చెప్పకుండా ఇంతదూరం వచ్చాడా ఈ మనిషి అని ఆయన్ని చేయి పట్టుకుని తీసుకుపోయి ఉండేవాడు. ఆ రోజంతా నాకు ముద్ద దిగలేదు.

తరగతులు అయిపోగానే ఇంటికి కూడా పోకుండా గూడూరులో దిగి, బస్సెక్కి సారు వాళ్ళ పల్లెకు వెళ్ళాను. సంచిలో నోటుబుక్కు, ఆ పేజీ మడిచి పెట్టుకున్నాను. బస్సులో మాటలు కూడబలుక్కున్నాను. "సార్, మీరే కరెక్టు." మూడు ముక్కలు. ఎంతసేపు పడుతుంది?

సారు వసారాలో నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. ఆయన భార్య నన్ను చూసి, "రా అమ్మాయ్, ఆయన నీ పేరు తలవని రోజు లేదు" అంటూ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"మద్రాసుకు పోయినావంట గదా," అన్నాడు సారు, ఆయాసపడుతూ. "ఏం చెప్పినారు? కొత్తవేమన్నా ఉండాయా?"

సంచి నా ఒళ్ళో ఉంది. చేయి లోపలికి పెట్టాను కూడా. "మీరే కరెక్టు" అంటే, తర్వాతి మాట ఏం రావాలి? "నేను మిమ్మల్ని ముంచాను" అనేగా? అది చెప్పడానికి నోరు రాలేదు. చచ్చేంత భయం వేసింది.

"కొత్తవేం లేవు సార్. అంతా మనకు తెలిసిందే."

ఆయన తృప్తిగా తలూపాడు. చేయి చాచి నా మణికట్టు మీద వేశాడు. వేడిగా కాలిపోతోంది ఆ చేయి.

"ఆ రోజు నువ్వు నన్ను కాపాడినావమ్మా. నేను రాయమన్న తప్పు నువ్వు రాసి ఉంటే, ఆయన మద్రాసంతా చెప్పుకుని నవ్వుండేవాడు. ఈ జన్మకు నా పరువు నిలబెట్టినావు."

"ఎవురొచ్చినా ఇదే చెప్తాడమ్మా," అంది ఆయన భార్య. "మా ఫస్ట్ క్లాసు అమ్మాయి లేకపోతే నవ్వులపాలైపోయుండేవాణ్ణి అని."

నేను బయల్దేరేటప్పుడు ఆమె లోపల్నుంచి ఒక బియ్యం మూట తెచ్చింది. వాళ్ళ చేలో పండిన మొలగొలుకులు, ఏడాది పాతవి. నేను వస్తే ఇవ్వాలని సారు ముందే కట్టించి పెట్టాడట. వద్దన్నాను. "తీసుకోమ్మా, నా తృప్తి కోసం" అన్నాడాయన మంచం మీద నుంచి.

వానలు పడకముందే ఆయన పోయాడు. ఆ బియ్యం రెండు నెలలు వచ్చాయి. పూటపూటకూ వండుకుని తిన్నాను.